కాంక్రీటు పోయకముందు

అమెరికాలో మా ఇంటి వెనక చెక్కల డెక్ వేయించడానికి కౌంటీ పర్మిట్ తీసుకోవాలని చెబితే, హైదరాబాదు శివారు బాచుపల్లిలో ఉన్న మా బావమరిది ఫోన్లోనే పకపకా నవ్వాడు. "నాలుగు చెక్కలు కొట్టేటందుకు పర్మిషనా బావా? ఈడ పెంట్‌హౌస్ లేపినంక గూడ అడిగెటోడు లేడు." ఆ మాటలో వెటకారం ఎంతుందో నిజమూ అంతే ఉంది. పర్మిషన్ల గురించి బాచుపల్లి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్లాటు చూడబోతే మొదట అడిగేదే 'పంచాయతీదా, హెచ్‌ఎండీఏదా' అని, అంటే అనుమతి ఊరి పంచాయతీ ఇచ్చిందా, హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ఇచ్చిందా అని. 2016లో ఊరు మండలమైంది. 2019లో నిజాంపేట, ప్రగతినగర్‌లతో కలిసి మునిసిపల్ కార్పొరేషన్లో చేరింది. ముద్ర వేసే ఆఫీసు మారుతూనే ఉంది. అక్రమ కట్టడాలను, లేఅవుట్లను సక్రమం చేసే స్కీములుగా 2007లో బీపీఎస్, 2015లో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, స్కీము), 2020లో ఎల్‌ఆర్‌ఎస్ వచ్చాయి. ముందు కట్టేసుకుని, తర్వాత ఫీజు కట్టి సక్రమం చేయించుకోవడం మనకు బాగా అలవాటైన దారి.

అమెరికాలో పర్మిట్ పుట్టుకే వేరు. ముందు కౌంటీ సంగతి చెప్పాలి. నేనుండేది వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. జిల్లా లాంటిదే కానీ కలెక్టర్ ఉండడు, ఎన్నికైన బోర్డు పాలిస్తుంది. ఇంగ్లండుకు వలసగా ఉన్న రోజుల్లో, 1634లోనే వర్జీనియాను ఎనిమిది షైర్లుగా, అంటే కౌంటీలుగా, విడగొట్టారు. ఫెయిర్‌ఫాక్స్ 1742లో ఏర్పడింది. అంటే ఈ దేశం కంటే మా కౌంటీయే వయసులో పెద్దది. అయినా సొంత పెత్తనం లేదు. స్థానిక సంస్థలకు రాష్ట్రం ఇచ్చిన అధికారాలు తప్ప వేరేవి ఉండవని 1868లో అయోవా జడ్జి జాన్ డిల్లన్ తీర్పు చెప్పాడు. వర్జీనియా ఇప్పటికీ ఆ సూత్రాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫెయిర్‌ఫాక్స్ సిటీ 1961లో కౌంటీ నుంచి విడిపోయింది. కౌంటీ నడిమధ్యలో ఉంటుంది కానీ కౌంటీది కాదు. కౌంటీ కోర్టేమో ఆ సిటీ మధ్యలో ఉంటుంది. అడ్రసులో ఫెయిర్‌ఫాక్స్ అని ఉన్నంత మాత్రాన పర్మిట్ ఎవరిస్తారో తెలిసిపోదు.

ఇల్లు ఎలా కట్టాలో చెప్పే పుస్తకాన్ని దేశమంతటికీ నమూనాగా మొదట రాసింది సర్కారు కాదు, బీమా కంపెనీలు. 1871లో చికాగో తగలబడినప్పుడు 17 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. దాదాపు లక్షమంది నిలువనీడ లేనివాళ్లయ్యారు. పరిహారం చెల్లించలేక ఎన్నో బీమా కంపెనీలు మునిగిపోయాయి. 1904లో బాల్టిమోర్ వంతు వచ్చింది. పక్క నగరాల నుంచి ఫైరింజన్లు పరుగున వచ్చాయి. తీరా చూస్తే వాటి గొట్టాల మరలు బాల్టిమోర్ నీటి కొళాయిలకు సరిపడలేదు. ఒక్కో ఊరిది ఒక్కో కొలత. 1,500కు పైగా కట్టడాలు పోయాయి. ఆ మరుసటి ఏడే, 1905లో, అగ్నిబీమా కంపెనీల జాతీయ సంఘం ఒక నమూనా భవన నియమావళి అచ్చువేసి నగరాల ముందు పెట్టింది. నష్టం తమ జేబులోంచి పోతుంది కాబట్టి గోడ మందమెంత, మెట్లెన్ని అని వాళ్లే లెక్కలు కట్టారు. తర్వాత ప్రాంతానికొకటి చొప్పున మూడు సంఘాలు, సంఘానికొక పుస్తకం అయ్యాయి. ఆ మూడు సంఘాలూ 1994లో ఒక్కటై 2000లో ఉమ్మడి కోడ్ తెచ్చాయి. ఇప్పటికీ దాన్ని రాసేది ప్రభుత్వేతర సంస్థే. రాష్ట్రాలు తమకు కావలసిన మార్పులు చేసుకుని చట్టం చేసుకుంటాయి. మన దేశంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ 1970లో వచ్చింది. హైదరాబాదుకైతే అంతకు చాలా ముందే బుద్ధి చెప్పింది నిప్పు కాదు, నీళ్లు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది.

ఇక్కడి రూళ్లన్నీ ప్రాణరక్షణ కోసమే పుట్టాయంటే అబద్ధమాడినట్టే. ఏ వీధిలో ఎవరుండాలో చర్మం రంగును బట్టి నిర్ణయిస్తూ 1910లో బాల్టిమోర్ ఆర్డినెన్స్ తెచ్చింది. 1912లో మా వర్జీనియా శాసనసభ కూడా అలాంటి చట్టమే చేసింది. 1917లో సుప్రీంకోర్టు ఈ తరహా చట్టాలు చెల్లవంది. దాంతో దొడ్డిదారులు వెతికారు. నల్లవాళ్లకు అమ్మకూడదని ఇంటి దస్తావేజుల్లోనే రాసుకున్నారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని తేలేసరికి 1948 వచ్చింది. ఇంకో దారి జోనింగ్: ఇక్కడ విడి ఇళ్లే ఉండాలి, స్థలం ఇంతకు తగ్గకూడదు అని మ్యాపు మీద గీతలు గీయడం. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్‌కు పచ్చజెండా ఊపింది. ఆ తీర్పులో అపార్ట్‌మెంటును పరాన్నజీవి అన్నారు! స్కూలు రేటింగ్ చూసి, 'మంచి ఏరియా' అని మురిసిపోతూ ఇళ్లు కొన్న మన తెలుగువాళ్లలో ఆ ఏరియాను మంచిది చేసిన గీత ఎవరు గీశారో అడిగినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

డెక్ దగ్గరికి వస్తాను. మా కౌంటీ డెక్‌ల కోసమే ఒక చిన్న పుస్తకం వేసింది. దూలం మందం, స్తంభాల మధ్య దూరం, బోల్టుల సైజు అన్నీ బొమ్మలతో సహా ఉంటాయి. దాని ప్రకారమే కడతానంటే వేరే డ్రాయింగులు అక్కర్లేదు, ఇంటి ప్లాటు నకలు మీద డెక్ ఎక్కడొస్తుందో గీసిస్తే చాలు. ఆ పుస్తకం ఆధారంగానే తర్వాత దేశమంతా వాడే నమూనా తయారైంది. (హెచ్‌ఓఏ, అంటే ఇంటి యజమానుల సంఘం అనే కాలనీ దేవత వేరే ఉంది. కౌంటీ ఒప్పుకున్నా చెక్క రంగు దగ్గర ఆ తల్లికి మొక్కాల్సిందే.) తవ్వేముందు 811కు ఫోన్ చేయాలి. మనుషులొచ్చి భూమిలో ఏమున్నాయో గడ్డి మీద రంగులు చల్లిపోతారు: కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, మంచినీళ్లకు నీలం. ఇక ఫుటింగ్ గుంతలు. ఇక్కడ చలికి నేలలో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పునాది పైపైన ఉంటే దాన్ని ఎత్తిపారేస్తుంది. అందుకని 24 అంగుళాలైనా దిగాలి. గుంతలు తవ్వాక, కాంక్రీటు పోయకముందు, కౌంటీ ఇన్‌స్పెక్టర్ రావాలి. వచ్చినాయన టేపు వేసి లోతు చూశాడు, ఇనుప కడ్డీతో గుంత అడుగున పొడిచి చూశాడు. ఒక గుంతలో కడ్డీ సులువుగా దిగింది. వదులు మట్టి తీసేసి, గట్టినేల తగిలేదాకా తవ్వి మళ్లీ పిలవమని వెళ్లిపోయాడు. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన మేస్త్రి మారుమాట్లాడకుండా పార అందుకున్నాడు.

నాలుగు చెక్కలకు ఇంత హంగామా ఎందుకంటే, 2003 జూన్‌లో చికాగోలో ఒక పార్టీ జరుగుతుండగా మూడంతస్తుల చెక్క వరండా కూలి 13 మంది పోయారు. పర్మిట్ లేకుండా కట్టిందని నగర అధికారులు చెప్పారు.

మా కౌంటీకి ఇంతకంటే దగ్గరి గాయం ఉంది. రూట్ 7 మీద బెయిలీస్ క్రాస్‌రోడ్స్ దగ్గర స్కైలైన్ టవర్లు కనిపిస్తాయి. 1973 మార్చి 2 మధ్యాహ్నం అక్కడ కడుతున్న ఒక టవర్ 23వ అంతస్తు నుంచి నేలదాకా నడిమికి కూలిపోయింది. 14 మంది కూలీలు చనిపోయారు, 34 మందికి గాయాలు. చలిరోజులు, స్లాబు ఇంకా గట్టిపడలేదు, ఈలోపే కింద సెంట్రింగ్ విప్పేశారు. మన మేస్త్రీలకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు. కేంద్రప్రభుత్వ ఇంజనీర్లు వచ్చి శకలాలు పరీక్షించి రిపోర్టు రాశారు. దాని తర్వాతే పెద్ద కట్టడాలకు ఫెయిర్‌ఫాక్స్ ప్రత్యేక తనిఖీల పద్ధతి పెట్టింది. అదే ఏడు వర్జీనియా రాష్ట్రమంతటికీ ఒకే భవన నియమావళి అమల్లోకి వచ్చింది.

బాచుపల్లికీ అలాంటి గాయం ఉంది. 2024 మే 7 సాయంత్రం గాలివానకు బాచుపల్లి రేణుకా ఎల్లమ్మ కాలనీలో, కడుతున్న అపార్ట్‌మెంటు రిటైనింగ్ గోడ కూలీల షెడ్ల మీద పడింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు ఏడుగురు చనిపోయారు. వాళ్లలో నాలుగేళ్ల పిల్లాడున్నాడు. అది లోక్‌సభ ఎన్నికల వారం. వార్త రెండు రోజులు ఉంది, తర్వాత పోలింగ్ వచ్చింది.

2020లో వచ్చిన ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్ టీఎస్ బీపాస్‌ను నేను తక్కువ చేసి మాట్లాడను. 75 గజాల లోపు ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలంది. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాటకపోతే, సొంత హామీ మీద అప్పటికప్పుడే అనుమతి ఇచ్చింది. అంతకు మించితే 21 రోజుల గడువు పెట్టింది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ, చేయి తడిపే బాధ చాలా తగ్గాయి. ఫెయిర్‌ఫాక్స్‌లో ఏ పర్మిటూ రూపాయికి రాదు. అయితే ఆ పోర్టల్ పట్టించుకున్నది గజాలు, మీటర్లు, సెట్‌బ్యాకులు. తప్పు కడితే కూల్చే అధికారమూ చట్టంలో ఉంది. కానీ కూల్చేది కట్టిన తర్వాత. కాంక్రీటు కింద ఏ మట్టి ఉందో, స్లాబు కింద సెంట్రింగ్ ఎన్నాళ్లు ఉంచారో అప్పటికి ఎవరికి తెలుస్తుంది? స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం మన ఫైల్లోనూ ఉంటుంది. ఆ సంతకం పెట్టిన మనిషి సైట్‌కు ఎన్నిసార్లు వచ్చాడన్నదే నాకు తేడాగా కనిపించింది.

వర్జీనియాలో మూడడుగుల ఎత్తు మట్టిని ఆపే గోడ కట్టాలన్నా పర్మిట్ కావాలి. బాచుపల్లిలో సెల్లార్లు తవ్వుతున్న సైట్లలో, గోడకూ కూలీల రేకుల షెడ్లకూ ఎంత ఎడముందో జూన్ వానలకు ముందు ఒకసారి పోయి టేపు పెట్టి కొలవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. టౌన్ ప్లానింగ్ సిబ్బందికి ఒక జీపు, రెండు వారాల సమయం ఇస్తే సరిపోతుంది.