ఆకాశ్ (టాబ్లెట్ కంప్యూటరు)

ఆకాశ్ అనునది భారతదేశంలోని విద్యార్థుల కొరకు కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ చేపట్టిన చౌకధర టాబ్లెట్ కంప్యూటరు. దీనిని డేటావిండ్ అనే సంస్థ సరఫరా చేసింది. 2011 అక్టోబరు 5న న్యూఢిల్లీలో విడుదలైంది. 2015 మార్చి 31న పథకం ముగిసింది. ఈ యంత్రాన్ని చేతితో పట్టుకున్నవారికంటే దీని ధరను గురించి వార్తలలో చదివినవారే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వార్తల చరిత్రలో తిరుపతికి, తయారీ చరిత్రలో హైదరాబాదుకు స్థానం ఉంది.

పది డాలర్ల వార్త

అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రోపాంటీ ప్రతిపాదించిన వంద డాలర్ల ల్యాప్‌టాప్‌ను భారత ప్రభుత్వం 2006లో తిరస్కరించింది. అంతకంటె చౌకగా దేశంలోనే తయారు చేయవచ్చునన్న ఆలోచన అప్పటినుండి బలపడింది. 2008 జూలైలో అప్పటి కేంద్ర సహాయమంత్రి, బాపట్ల లోక్‌సభ సభ్యురాలు దగ్గుబాటి పురంధేశ్వరి ప్రసంగం ఆధారంగా పది డాలర్ల ల్యాప్‌టాప్ రానున్నదని వార్తలు వెలువడ్డాయి. అది వంద డాలర్లని, ఒక సున్న జారిపోయినదని అధికారులు తరువాత సవరించారు. అయితే సవరణకు రాని ప్రచారం తప్పుకు వచ్చింది. 2009 జనవరి నాటికి పది డాలర్ల మాటే మళ్ళీ పత్రికలకెక్కింది.

2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో జాతీయ విద్యా సాంకేతిక పథకాన్ని కేంద్రమంత్రి అర్జున్ సింగ్ ప్రారంభించారు. ఆ సభలోనే ఆ యంత్రాన్ని చూపబోతున్నారని దేశవిదేశాల పత్రికలు ఎదురు చూశాయి. అక్కడ చూపినది ల్యాప్‌టాప్ కాదు. పాఠ్య విషయాలను భద్రపరచుకొనే చిన్న పెట్టె వంటి పరికరం మాత్రమే. దానిలోనిది చదవాలంటే మరొక కంప్యూటరుకు తగిలించవలసిందే. కంప్యూటరు లేని పిల్లవాని కొరకు ఉద్దేశించిన వస్తువుకు ఇంతకంటె పెద్ద లోపం ఉండదు.

విడుదల

2010 జనవరిలో ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను ప్రకటించిన తరువాత కీబోర్డు లేని, పలక వంటి కంప్యూటర్లపై అందరి దృష్టి మళ్ళింది. అదే సంవత్సరం జూలై 22న కేంద్రమంత్రి కపిల్ సిబల్ 35 డాలర్ల నమూనాను చూపారు. మరుసటి సంవత్సరం విడుదలైనపుడు ప్రభుత్వం సంస్థకు చెల్లించే ధర సుమారు 50 డాలర్లు. 35 డాలర్లన్నది రాయితీ పోగా విద్యార్థి ఇవ్వవలసినది. ఈ రెండు ధరలను కలిపి రాయడం వలన పాఠకులలో గందరగోళం ఏర్పడింది.

మొదటి యంత్రాలను హైదరాబాదులోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో కూర్చారు. ఏడు అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2 దీనిలోని ముఖ్య భాగాలు. తెర ఒత్తిడితో పనిచేసే రకం కావడం వలన వేలితో సుతారంగా తాకితే చాలదు, నొక్కాలి. బ్యాటరీ మూడు గంటలకు మించి రాదు. విద్యుత్తు కోతలున్న పల్లెలకు ఇది చిన్న విషయం కాదు.

బహిరంగ విపణి కొరకు ఇదే యంత్రాన్ని యూబీస్లేట్ పేరుతో తెచ్చారు. స్లేట్ అనగా పలక. రెండు వారాలలో 14 లక్షల ముందస్తు కోరికలు వచ్చినట్లు 2012 జనవరిలో వార్తలు వచ్చాయి. ప్రభుత్వం కోరిన మొదటి లక్షలో మాత్రం అందినవి పదివేల లోపే.

వివాదాలు

నాణ్యతా పరీక్షల విషయమై డేటావిండ్‌కు, పథకాన్ని నిర్వహించిన ఐఐటీ రాజస్థాన్‌కు పొసగలేదు. యంత్రం గంటకు నాలుగు అంగుళాల వానను తట్టుకోవాలన్న నిబంధన అంత చౌక వస్తువుకు తగదని సంస్థ వాదించింది. హైదరాబాదు తయారీదారుతో కూడా సంస్థకు బకాయిల విషయంలో తగవు వచ్చింది. 2012లో బాధ్యత ఐఐటీ బొంబాయికి మారింది.

ఆ సంవత్సరం నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్ 2ను ఆవిష్కరించారు. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, మృదువుగా తాకితే చాలు స్పందించే తెర గల ఈ యంత్రం మొదటిదానికంటె ఎంతో మేలైనది. ప్రభుత్వం చెల్లించిన ధర 2,263 రూపాయలు. ఇవి చైనానుండి కొని తెచ్చినవని కొద్ది రోజులకే కథనాలు వచ్చాయి. తొలి పదివేల యంత్రాల భాగాలు చైనాలో తయారైనమాట నిజమేనని, చివరి కూర్పు భారతదేశంలో జరిగినదని సంస్థ అధిపతి సునీత్ సింగ్ తులి వివరణ ఇచ్చారు. ఐఐటీ బొంబాయికి లక్ష యంత్రాలు అందిన తరువాత పథకం నిలిచిపోయింది.

తరువాతి పరిణామాలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పిల్లల చేతికి టాబ్లెట్లు పెద్ద సంఖ్యలో చేరినది ఆకాశ్ ద్వారా కాదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా టాబ్లెట్ల పంపిణీని ప్రారంభించింది. అవి పాఠాలను ముందుగానే నింపి ఇచ్చిన శామ్‌సంగ్ యంత్రాలు.