జేబులో పెట్టుకున్న బిల్లులు

1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లు మీద రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకమూ చేయలేదు, దాన్ని తిప్పి పంపనూ లేదు. జనం ఉత్తరాలను విప్పి చూసే అధికారం ప్రభుత్వానికి కట్టబెట్టే బిల్లు అది. మన రాజ్యాంగం గడువేమీ పెట్టలేదు కాబట్టి ఆయన పదవి దిగేదాకా అది అలాగే ఉండిపోయింది. అందరూ దాన్ని పాకెట్ వీటో అన్నారు. ఆ పేరు అమెరికా నుంచి వచ్చింది. ఎలా వచ్చిందో చూద్దామని అక్కడి రాజ్యాంగం తెరిస్తే, మొదటి అధికరణం ఏడో సెక్షన్‌లో ఒక విచిత్రం కనబడింది. అప్పటినుంచి దాన్ని వదలబుద్ధి కావడం లేదు.

అక్కడ అధ్యక్షుడికి గడువుంది. ఆదివారాలు పోను పది రోజులు. నచ్చితే సంతకం పెట్టాలి, నచ్చకపోతే కారణాలు రాసి తిప్పి పంపాలి. రెండూ చేయకుండా ఊరుకుంటే పది రోజుల తర్వాత ఆ బిల్లు దానంతటదే చట్టమైపోతుంది. కానీ ఆ పది రోజులు నిండేలోగా అక్కడి చట్టసభ కాంగ్రెస్ వాయిదా పడి, బిల్లును తిప్పి పంపే వీలు లేకుండా పోతే, ఊరుకున్నందుకే అది చచ్చిపోతుంది. అధ్యక్షుడు చేసింది ఒక్కటే, ఏమీ చేయకపోవడం. అది బిల్లుకు ప్రాణం పోస్తుందా తీస్తుందా అన్నది సభ్యులు ఊళ్లకు బయల్దేరారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇంత జాగ్రత్తగా ముడి వేయడానికి కారణం అమెరికన్లు పడ్డ బాధలు. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో ఇంగ్లండు రాజు మీద మోపిన మొదటి నేరమే, ప్రజలకు మేలు చేసే చట్టాలకు ఆమోదం ఇవ్వలేదని. 1787 జూన్ 4న, రాజ్యాంగం రాస్తున్న ఫిలడెల్ఫియా సభలో, అధ్యక్షుడికి తిరుగులేని వీటో ఇద్దామన్న మాట వచ్చినప్పుడు 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ పాత పెన్సిల్వేనియా గవర్నర్ల కథ విప్పాడు. గవర్నరుతో విడిగా బేరం కుదరనిదే ఒక్క మంచి చట్టమూ గట్టెక్కేది కాదట. చివరికి బిల్లులతోపాటు గవర్నరు పేర ఖజానా చెల్లింపు ఉత్తర్వులు కూడా తెచ్చి పెట్టడం ఆనవాయితీ అయింది. ముందు అవి చేతిలో పడాలి, తర్వాతే సంతకం. సరిహద్దు ఊళ్ల మీద దాడులు జరుగుతున్నా, తన ఆస్తికి పన్ను మినహాయింపు ఒప్పుకునేదాకా రక్షణ ఖర్చుకు ఆయన తలూపలేదట. అధ్యక్షుడు కాదన్నా మూడింట రెండొంతుల ఓట్లతో చట్టం చేసుకునే హక్కును సభలు తమ దగ్గర ఉంచుకున్నాయంటే, అందులో ఇలాంటి అనుభవాలకూ వాటా ఉంది. ముసాయిదాలో ఏడు రోజులున్న గడువు ఆగస్టు 15న పదికి పెరిగింది.

జేబు వీటో మొదట వాడింది మాడిసన్, 1812లో. ఆండ్రూ జాక్సన్ దాన్ని అలవాటుగా మార్చాడు. ఆ కాలాన్ని దాటేసి నేను తిన్నగా 1864 జూలై 4కు వెళ్లిపోతాను. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు అదే.

ఆ కాలంలో సమావేశాల ఆఖరి గంటల్లో అధ్యక్షుడే కాపిటల్ భవనానికి వచ్చి, అక్కడ తనకంటూ ఉన్న గదిలో కూర్చుని సంతకాలు చేసేవాడు. అంతర్యుద్ధం నడుస్తోంది. ఓడుతున్న దక్షిణాది రాష్ట్రాలను మళ్లీ ఎలా కలుపుకోవాలో చెప్పే వేడ్-డేవిస్ బిల్లు లింకన్ ముందుకొచ్చింది. 1860 ఎన్నికల్లో రాష్ట్రంలో ఓటేసినవాళ్ల సంఖ్యలో పది శాతం మంది విధేయతా ప్రమాణం చేస్తే చాలన్నది లింకన్ పద్ధతి. బిల్లు తెల్ల పురుషుల్లో సగానికి పైగా మందిని అడిగింది, ఆ రాష్ట్రాల్లో బానిసత్వాన్ని నిషేధించింది కూడా. లింకన్ దాన్ని పక్కకు జరిపి మిగతా కాగితాలు చూసుకుంటున్నాడు. గదిలో ఉన్నవాళ్లకు గుండెలు దడదడలాడాయి. సెనేటర్ చాండ్లర్ లోపలికొచ్చి సంతకం పెడుతున్నారా అని నిలదీశాడు. సభ ముగియడానికి కొద్ది నిమిషాల ముందు తెచ్చి పెట్టారు, ఇంత పెద్ద విషయాన్ని అలా గుటుక్కున మింగలేనన్నాడు లింకన్. బానిసత్వ నిషేధమే కదా ముఖ్యం అన్నాడు చాండ్లర్. రాష్ట్రాల్లో దాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు ఉందా అన్నదే నా అనుమానం అన్నాడు లింకన్. మీరు చేసింది మాత్రం అంతకంటే తక్కువా అని చాండ్లర్ తిరగబడితే, యుద్ధ అవసరం కొద్దీ నేను చేయగలిగినవి రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్ చేయలేకపోవచ్చని జవాబిచ్చాడు. ఈ సంభాషణంతా ఆయన కార్యదర్శి జాన్ హే డైరీలో ఉంది.

కారణం చెప్పాల్సిన పని లింకన్‌కు లేదు. అయినా నాలుగు రోజులు తిరక్కుండానే బిల్లు పాఠాన్ని జతచేసి, ఎందుకు సంతకం చేయలేదో ప్రకటన విడుదల చేశాడు. బిల్లు తెచ్చిన వేడ్, డేవిస్ ఊరుకోలేదు. ఆగస్టులో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో దుమ్మెత్తిపోశారు. అధ్యక్షుడూ చట్టసభా ఒకే గదిలో మొహాలు చూసుకుని తగువులాడిన ఆ పద్ధతి తర్వాత పోయింది. పోకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే మామూలు వీటోకు కారణాలు రాయాలి, సభ వాటిని తన చిట్టాలో ఎక్కించుకోవాలి. జేబు వీటోకు ఆ జవాబుదారీ లేదు.

ఆ మౌనం ఎవరి నెత్తిన పడుతుందో ఒకనగన్ తెగల కథ చూపిస్తుంది. ప్రభుత్వం లాక్కున్న భూముల కోసం దావా వేసే హక్కును వాషింగ్టన్ రాష్ట్రంలోని ఈ ఆదివాసులకు ఇస్తూ కాంగ్రెస్ ఒక బిల్లు ఆమోదించింది. 1926 జూన్ 24న అది అధ్యక్షుడు కూలిడ్జ్ దగ్గరికి చేరింది. పది రోజులు జూలై 6తో నిండుతాయి. కాంగ్రెస్ 3వ తేదీనే వాయిదా పడింది. కూలిడ్జ్ పలకలేదు, ఉలకలేదు. 1929లో సుప్రీంకోర్టు ఆ బిల్లు చట్టం కాలేదని ఏకగ్రీవంగా తేల్చింది. ఆదివాసుల భూముల దావాల కోసం దేశమంతటికీ ఒక కమిషన్ వచ్చేసరికి 1946 అయింది. ఇరవై ఏళ్లలో దావా వేయాల్సిన పెద్దలు ఎందరు పోయి ఉంటారు? తీర్పులో న్యాయసూత్రం సరైనదే కావచ్చు, ఈ అన్యాయం మాత్రం నాకు మింగుడు పడదు.

1970 క్రిస్మస్‌కు నిక్సన్ ఇదే పని చేశాడు. కుటుంబ వైద్యుల శిక్షణకు డబ్బిచ్చే ఆ బిల్లు సెనేట్‌లో 64-1 తో, ప్రతినిధుల సభలో 346-2 తో నెగ్గింది. కాంగ్రెస్ పండక్కి కొద్ది రోజులు వెళ్లిందంతే. సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ కోర్టుకెక్కి, తన కేసు తానే వాదించుకున్నాడు. ఇంత చిన్న విరామం బిల్లును తిప్పి పంపడానికి అడ్డు కాదు, అది చట్టమైపోయినట్టేనని 1974లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

ఆ తర్వాత అధ్యక్షులు రెండు పడవల మీద కాళ్లు పెట్టడం నేర్చుకున్నారు. 2007 డిసెంబరులో రక్షణ బిల్లు విషయంలో జార్జ్ బుష్ జేబు వీటో వేశానంటూనే అభ్యంతరాలు రాసి కాంగ్రెస్‌కు పంపాడు. రెండేళ్లకు ఒబామా కూడా అంతే. విరామాల్లో జేబు వీటో ఎంతవరకు చెల్లుతుందో సుప్రీంకోర్టు ఇంకా పూర్తిగా తేల్చలేదు. తేలేదాకా, భయం కొద్దీ అయినా, కారణాలు కాగితం మీదికి వస్తున్నాయి. ఒకనగన్ తెగలకు ఆ పాటి కాగితమూ దక్కలేదు.