లెమన్ అంటే నిమ్మకాయేనా?

కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే ఆచారాన్ని మనవాళ్లు అమెరికా వెళ్లినా మానలేదు. అక్కడివాళ్లకు మాత్రం కొత్త కారు పక్కన ‘లెమన్’ అనే మాట వినబడితే గుండె గుభేలుమంటుంది. కొన్న నాటి నుంచీ షెడ్డు చుట్టూ తిప్పే బండికి వాళ్లు పెట్టిన పేరు అది.

నాసిరకం సరుకును లెమన్ అనడం ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల అమెరికన్ వాడుక. పైకి నిగనిగ, కొరికితే పులుపు. 1960లో ఫోక్స్‌వాగన్ తన బీటిల్ కారు బొమ్మ కిందే ‘లెమన్’ అని అచ్చువేసి ప్రకటన ఇచ్చింది. చిన్న మచ్చ ఉన్నా బండిని బయటికి పంపబోమని చెప్పుకోవడానికట! ఏమైనా గుండెధైర్యం కావాలి. 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని రాసిన ప్రసిద్ధ వ్యాసం శీర్షికలోనూ ఇదే మాట.

1982లో కనెక్టికట్ రాష్ట్రం కొత్త కార్ల కొనుగోలుదారుల కోసం చట్టం చేసింది. జనం నోట అది ‘లెమన్ లా’ అయింది. ఇప్పుడు అలాంటి చట్టం అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. కాలిఫోర్నియాలోనైతే 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు, ప్రాణం మీదికి తెచ్చే లోపానికి రెండుసార్లు మరమ్మతు చేసినా బాగుపడకపోతే అది లెమనే అనుకుంటుంది చట్టం. బండి 30 రోజులకు మించి షెడ్డులో ఉన్నా అంతే. కంపెనీ బండి మార్చాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి.

మనకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. అందుకే సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ మరమ్మతు వివరాలు రాసిన జాబ్‌కార్డు అడిగి తీసుకుని సాక్ష్యంగా దాచుకోండి.