గూడు వెల: కోనసీమ గ్రామములలో గృహనిర్మాణ చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు గ్రామచరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజుల చరిత్రలు మన బీరువాలలో కావలసినన్ని గలవు. శాసనములను గూర్చియు, యుద్ధములను గూర్చియు వ్రాయుటకు నేను అర్హుడను కాను. కాని ఊరనగా మొట్టమొదట ఇండ్లు. ఏ ఇల్లు ఎవరు కట్టుకొనగలిగిరి, ఎవరు కట్టుకొనజాలకపోయిరి, అందుకు హేతువేమి అను ప్రశ్నలకు సమాధానము వెదకినచో ఊరి చరిత్రలో సగము తెలియును. అందుచేత మా ఇంటిని, మా దొడ్డి మూల నుండిన మరియొక ఇంటిని సాక్ష్యముగా గైకొని ఆ సమాధానమును చెప్ప యత్నించెదను.

గోదావరి డెల్టా నేటివలె సస్యశ్యామలముగా ఎల్లకాలము ఉండలేదు. 1839లో సముద్రము పొంగి కోరంగిని ముంచివేసెను. నందన నామ సంవత్సరపు కరవు జ్ఞాపకము ప్రజలను చాలకాలము వెన్నాడెను. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి ముగించిన పిదప కాలువలు సాగినవి, పంటలు పెరిగినవి. ఆ కాలువలు నీటిని మాత్రమే తేలేదు. లాకులు దాటి పడవలును వచ్చినవి. ఎగువ అడవులలో కొట్టిన టేకు దుంగలు తెప్పలుగా గోదావరిలో దిగి రాజమహేంద్రవరము చేరుచుండెను. అచ్చటినుండి కాలువల వెంట పల్లెలకు వచ్చుచుండెను. పండిన ధాన్యము పడవపై పోవుట, కలప పడవపై వచ్చుట అను ఈ రాకపోకలనుండియే కోనసీమలో మండువా లోగిళ్ళు లేచినవి.

మా ఇల్లును అట్టిదే. వీధి వైపు అరుగులు, చెక్కిన సింహద్వారము, దానిని దాటిన నడుమ ఆకాశము కనబడు మండువా, దానికి నాలుగు వైపుల వసారాలు, గదులు, పైన అటక, వెనుక ధాన్యపు గాదె, పెరడు. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలియుండుటచే వాననీరు మండువాలో పడి తూమునుండి బయటికి పోవుచుండెను. గోడలకు గానుగలో ఆడించిన సున్నము వాడిరి. కప్పునకు మొదట నాటు పెంకు వేసిరి, తరువాత దానిని తీసి బెంగుళూరు పెంకు వేసిరి. అట్టి ఇంటికి కలప, సున్నము, పెంకు, వడ్రంగి, తాపీవాడు, అన్నియు రొక్కముతో కొనవలసినవే. కనుక పదిపంటలు చేతికి వచ్చిన పెద్ద కమతగాడు తప్ప ఇతరులు దానిని తలపెట్టజాలరు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు ఊరక అనలేదు.

మా దొడ్డికి ఈశాన్యమున మా పాలేరు ఇల్లు ఉండెను. ఒక నిట్రాడు, నాలుగు గుంజలు, వెదురు దడి, దానిపై మట్టి మెత్తు, పైన తాటాకు. ఇందులో రొక్కమిచ్చి కొన్నది దాదాపు ఏదియు లేదు. ఆకు చెట్లనుండి వచ్చెను, మట్టి చెరువునుండి వచ్చెను, సాయము ఇరుగుపొరుగువారినుండి వచ్చెను. పైకి చూచినచో ఆ ఇంటికి ఖర్చు లేదనిపించును. పూర్వము పల్లెలో పేదవానికి ఇల్లు సులభముగా అమరెడిదని నేడు కొందరు ముచ్చటించుటకు కారణమిదియే.

కాని ఆ ఇంటి వెల వేరు విధముగ చెల్లుచుండెను. రెండు మూడేండ్లకొకమారు ఆకు మార్చవలెను. వేసవిలో ఒక పొయ్యినుండి రేగిన నిప్పురవ్వ వాడనంతటిని బూడిద చేయుచుండెను. కార్తీకమున వచ్చు గాలివాన కప్పును ఎత్తుకొనిపోవుచుండెను. వీటన్నిటిని మించినది స్థలము వెల. ఆ భూమి మాది. పాలేరు మావద్ద పని చేసినన్నాళ్ళే అది అతని ఇల్లు. వేరొకరు ఎక్కువ జీతమిత్తుమన్నను అతడు పోజాలడు, పోయినచో నిట్రాడు పెకలించుకొని పోవలెను. అనగా అతడు ఆ రెండు సెంట్ల నేలకు అద్దెను రూపాయలతో గాక విధేయతతో చెల్లించుచుండెను. అద్దె చీటీ లేదు గనుక ఆ లెక్క ఏ దస్తరములోను ఎక్కలేదు.

1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇండ్లస్థలముల అనుభవదారులకు యాజమాన్యహక్కు కల్పించు చట్టమును చేసెను. ఇతరుల భూమిలో ఇల్లు వేసికొని కాపురముండు వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఆ స్థలమును వారిదిగా చేయుట దాని ఉద్దేశము. నేనప్పుడు బాలుడను. ఒక ఉదయమున మా తాతగారు పాలేరును పిలిచి, "కాలువగట్టున మంచి చోటు చూశానురా, గాలీ వెలుతురూ బాగుంటాయి, అక్కడ వేసుకో" అనిరి. అతడు తలవంచుకొని, "ఆయ్, అలాగేనండి" అనెను. తాతగారు కొత్త తాటాకును, ఒక బస్తా ధాన్యమును ఇప్పించిరి. అది దానమని నేను మురిసితిని. చాల యేండ్లకు ఈ గ్రంథాలయములోనే కూర్చుండి చట్టముల సంపుటము త్రిప్పుచుండగా పై చట్టము నా కంటబడెను. ఆనాడు మేమిచ్చినదేమో, తీసికొన్నదేమో అప్పుడు నాకు తెలిసెను. తాతగారు దుర్మార్గులు కారు. ఆకలియని వచ్చినవానిని వట్టిచేతులతో పంపి యెరుగరు. కాని అన్నము పెట్టు చేయియే హక్కును దాచిపెట్టుట మన చరిత్రలో క్రొత్త కాదు.

కాలువగట్టు ప్రభుత్వపు పోరంబోకు. అచ్చట ఎవరికిని పట్టా లేదు. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను ఊపివేసిన తుపానులో కొబ్బరితోటలు నేలమట్టమయ్యెను, గట్టుమీది గుడిసెలు ఒక్కటియు మిగులలేదు. పాలేరు కుటుంబము మూడు రాత్రులు మా మండువా వసారాలో తలదాచుకొనెను. మా పెంకులు లేచిపోయినవి గాని గోడలు నిలచినవి.

పేదలకు గట్టి ఇండ్లు కట్టించు యత్నములు అంతకుముందే మొదలైనవి. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడెను. కేంద్రప్రభుత్వపు ఇందిరా ఆవాస్ యోజన 1985లో ప్రారంభమై, 1996 జనవరినుండి ప్రత్యేక పథకమయ్యెను. సిమెంటుపై నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగ తొలగుటచే పర్మిటు లేకయే బస్తా దొరకసాగెను. 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకము మైదాన ప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయల సహాయమును, కనీసము 25 చదరపు మీటర్ల వైశాల్యమును నిర్ణయించెను. ఇది సుమారు 270 చదరపు అడుగులు. ఇసుక, ఇనుము, కూలి కలిసినచో ఆ సొమ్ము చాలదు గనుక మిగిలినది అప్పు. అయినను నిప్పుకు, గాలికి భయపడని కప్పు పేదవానికి అందుబాటులోనికి వచ్చినది. ఇది గొప్ప మార్పు.

అయితే సిమెంటు అందుబాటులోనికి వచ్చుచుండగనే నేల దూరమయ్యెను. నదీపాయలకును సముద్రమునకును నడుమ ఇరుకుగానున్న కోనసీమలో జనము దట్టము. కొబ్బరితోట, వరిచేను, చేపలచెరువు, విదేశములలో ఆర్జించినవారు కొను స్థలము, అన్నియు ఆ కొద్ది నేలకే పోటీపడుచున్నవి. సొంత స్థలము లేనిదే ప్రభుత్వ సహాయము చేతికి రాదు. పూర్వము నేల పేరుకు ఉచితము, కప్పు నిలకడ లేనిది. నేడు కప్పు నిలకడగలది, నేల అందనిది. రెండు కాలములందును చిక్కు స్థలమువద్దనే యున్నది.

మా మండువా కథయు ముగిసినది. పంపకములలో అయిదు వాటాలైన ఇంటిని బాగుచేయించుటకు ఏ ఒక్కరికిని మనసొప్పలేదు. తుపాను తరువాత కొలది యేండ్లకు దానిని విప్పి, టేకును పాతకలప వర్తకులకు అమ్మివేసితిమి. అమ్మక మిగిలిన రెండు దూలములే కోయించి ఈ గ్రంథాలయమునకు మొదటి బీరువాలు చేయించితిమి. పాలేరు మనుమడు తాపీపని నేర్చి, ఎట్టకేలకు పట్టా సంపాదించి, ప్రభుత్వ సహాయముతోను అప్పుతోను ఊరిచివర శ్లాబు ఇల్లు కట్టుకొనెను. 1976నుండి అప్పటికి నలుబదియేండ్లు గడచినవి. ఆ యింటి నిజమైన వెల ఆ నలుబదియేండ్లు.

కార్యవర్గమువారికి నాదొక్క మనవి. గ్రామస్థుల ఇండ్లకు, స్థలములకు సంబంధించిన చట్టములను తెలుగులో సేకరించి ఒక బీరువాలో ఉంచుడు. చదువు రానివారికి నెలకొకనాడు చదివి వినిపించుడు. మా దూలములతో చేసిన బీరువా అయినచో నాకు మరింత తృప్తి. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచునాటికి, ఇంటిస్థలమునకై తలవంచుకొని నిలుచువాడు ఈ ఊర లేకుండుగాక.