సార్డిస్: పసిడికి పుటం పెట్టిన ఊరు

ఆష్‌బర్న్‌లో మా ఇంటి పూజ అరలో ఒక నల్లరాయి ఉంది. మా తాతగారి గీటురాయి. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక పక్క అరిగి నున్నబడింది, దానిమీద ఆయన గీసిన పచ్చటి గీతలు రెండు మూడు ఇంకా చెరిగిపోలేదు. కొత్తగా వచ్చిన నగను రాయిమీద ఒక్క గీటు గీసి, పక్కనే వన్నె తెలిసిన బంగారంతో మరో గీటు గీసి, రెండింటి రంగూ పోల్చి ధర చెప్పేవారు. ఇలాంటి రాయిని పాత గ్రీకులు లిడియా రాయి అనేవారని తెలిసినప్పటి నుంచీ, ఆ లిడియాకు రాజధాని అయిన సార్డిస్ నాకు పరాయి ఊరు కాకుండా పోయింది.

ఇప్పుడు అక్కడున్నది పశ్చిమ టర్కీలోని సార్ట్ అనే పల్లె. వెనక ట్మోలస్ కొండలు, ముందు హెర్మస్ నది మైదానం. కొండల్లోంచి దిగే పాక్టోలస్ వాగు ఇసుకలో బంగారు రేణువులు దొరికేవి. ముట్టిందల్లా బంగారమై అన్నం కూడా తినలేకపోయిన మైడాస్ రాజు ఈ వాగులో మునిగి ఆ వరం వదిలించుకున్నాడని గ్రీకుల కథ.

క్రీ.పూ. 7వ శతాబ్దంలో లిడియాలో, దాని పక్కనున్న గ్రీకు పట్నాల్లో తొలి నాణేలు పుట్టాయి. సింహం తల ముద్రతో, అయిదు గ్రాముల లోపు, చింతగింజంత బిళ్ళలు. చిక్కల్లా లోహంతోనే. అది వెండి కలిసిన బంగారం. తూకం ఒకటే అయినా ఏ బిళ్ళలో ఎంత పసిడి ఉందో కంటికి తెలియదు.

ఆ చిక్కు విప్పిన చోటు 1968లో బయటపడింది. హార్వర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల తవ్వకాల్లో వాగు ఒడ్డునే బంగారాన్ని శుద్ధిచేసే కార్ఖానా కనిపించింది. కుండల్లో ఉప్పుతో కలిపి, కరగనంత వేడిలో గంటల తరబడి కాల్చేవారు. ఉప్పు ఆవిరి వెండిని లాగేసుకునేది, బంగారం మిగిలేది. ఆ వెండినీ వదల్లేదు, సీసంతో కలిపి కాల్చి మళ్ళీ రాబట్టారు. మన కంసాలులు పుటం పెట్టడమన్నది ఇదే విద్య. కొలుముల మధ్య సిబెలె అమ్మవారి బలిపీఠం, దాని మూలల్లో సింహాలు దొరికాయి. ఆ సంగతి చదివినప్పుడు తాతగారి కుంపటి పక్కన ఉండే అమ్మవారి పటం గుర్తొచ్చింది.

అలా లిడియా రాజు క్రీసస్ కాలంలో మేలిమి బంగారానికి వేరు, వెండికి వేరు నాణేలు వచ్చాయి. సింహమూ ఎద్దూ ఎదురెదురుగా ఉన్న ముద్ర అది. సార్డిస్ సిరి అంటే అందరూ క్రీసస్ ఖజానానే తలుస్తారు. నా మట్టుకు ఆ ఊరి అసలు గొప్పతనం, ఇందులో ఉన్నది మేలిమేనని పదిమందికీ నమ్మకంగా చెప్పగలగడం.

క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు సైరస్ సార్డిస్ కోటను ముట్టడించాడు. నిట్టనిలువు కొండ, ఎక్కలేమనుకున్నారు. కాపలా సైనికుడొకడి శిరస్త్రాణం జారి కిందపడితే, వాడు దిగివచ్చి తీసుకుని మళ్ళీ ఎక్కడం శత్రువు కంటపడింది. దారి తెలిసిపోయింది, కోట పోయింది. ఇది హెరొడోటస్ చెప్పిన కథ. తర్వాత సూసా నుంచి వచ్చే పర్షియా రాజమార్గానికి సార్డిసే చివరి మజిలీ. క్రీ.పూ. 334లో అలెగ్జాండర్‌కు లొంగింది. క్రీ.శ. 17లో భూకంపానికి కూలితే, రోము చక్రవర్తి టైబీరియస్ అయిదేళ్ళ పన్ను మాఫీ చేసి నిలబెట్టాడు.

ఆష్‌బర్న్ నుంచి కారులో నాలుగైదు గంటలు వెళ్తే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సార్డిస్ అర్తెమిస్ గుడి స్తంభం ఉంది. అసలు ఎత్తు 17 మీటర్ల పైమాటే. అక్కడున్నది పీఠం, తలభాగం, నడుమ కొంత. మెడ వెనక్కి వంచి చూస్తూ మిగతాది ఊహించుకున్నాను.

2025 జులైలో యునెస్కో సార్డిస్‌నూ, బిన్ తెపెలోని లిడియా సమాధి దిబ్బలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కబురు చదివిన సాయంత్రం రాయి కిందికి దించి, అమ్మ గాజుతో ఒక గీటు గీశాను. తాతగారి గీతల పక్కనే పడింది.