బడిలోనే పరిశోధన చేసిన పంతులుగారు

ఉపాధ్యాయుడు తన తరగతిలో ఎదురైన చిక్కును తానే పరిశీలించి, ఒక మార్గం ప్రయత్నించి, ఫలితం చూచి మళ్ళీ సవరించుకోవడాన్ని విద్యావేత్తలు చర్యాత్మక పరిశోధన అంటారు. కర్ట్ లెవిన్ 1946లో ఆ భావానికి రూపం కల్పించగా, 1953లో స్టీఫెన్ కోరీ దానిని అమెరికా బడిపంతుళ్ళకు పుస్తకంగా అందించాడు. పేరు కొత్తదే గాని పని పాతది. మన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు అంతకు ఎన్నో ఏండ్ల ముందే ఆ దారిన నడిచారని నా అభిప్రాయం.

1863లో శ్రీకాకుళం ప్రాంతాన పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులైనారు. చుట్టూ కొండలు, కొండలలో సవరలు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలి గదా! రెండు భాషలూ తెలిసిన ఒకరిని ఇంటనే ఉంచుకొని ఏండ్ల తరబడి సవర నేర్చుకున్నారు. సవరలో వాచకాలు వ్రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చారు. అడవి జ్వరాలకు మింగిన క్వినైనుతో వినికిడి దెబ్బతిన్నది. జనం మాట చెవిన పట్టడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఎంతటి కష్టం!

సవర పిల్లలకు వారి భాషలో చదువు అబ్బడం కన్నుల చూచిన పంతులుగారు తెలుగు తరగతులనూ అదే దృష్టితో చూచారు. ఇంట ఒక భాష, పుస్తకంలో మరొకటి. స్కూళ్ళ ఇన్స్పెక్టరు జె.ఎ. యేట్స్‌కూ ఇదే సందేహం కలిగింది. గురజాడ అప్పారావుగారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు తోడైనారు. జయంతి రామయ్యపంతులుగారు మొదలైన పండితులు గట్టిగా ఎదిరించారు. వారికీ భాషపై ప్రేమ తక్కువ కాదు. తరగతిగదిలో పిల్లవాని అవస్థ వారు అంత దగ్గరగా చూడలేదేమో.

సవర వ్యాకరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1940లో పంతులుగారు కన్నుమూశారు.

మారిషస్ తెలుగువారి పూర్వులలో చాలామంది ఉత్తర కోస్తా జిల్లాలనుంచి ఓడ ఎక్కినవారే. వారు వెంట తెచ్చుకున్నది పుస్తకాల తెలుగు కాదు, ఆయన వెనకేసుకొచ్చిన వాడుక తెలుగే. అది ముత్తవ్వల నోట కొంత మిగిలింది. ఆదివారం తరగతిలో మనవడు ఆ మాట పలికితే పంతులు ఎర్రసిరాతో కొట్టివేయకుండా, ముందు చెవి ఒగ్గి వ్రాసుకోవలసి ఉన్నది.