అటకెక్కని కారు

"పాత స్కూటర్లు బాగుచేసి అమ్ముదాం, నువ్వు సగం పెట్టు" అని పోయినేడాది ఓ స్నేహితుడు అడిగాడు. షోకేసులో పెట్టుకునే బళ్ళు కాదు, రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళేవే అన్నాడు. అలవాటు కొద్దీ ఎక్సెల్ షీట్ తెరిచాను. అంకెలు కుదరలేదు. ఈ పని ముందే ఎవరైనా చేసి నిలబడ్డారా అని వెతుకుతూ ఇంగ్లండులోని బాత్ ఊరి దగ్గర ఆగాను.

కథ ఒక కారుతో మొదలవుతుంది. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మోరిస్ మైనర్ 1948లో లండన్ మోటార్ షోలో బయటికొచ్చింది. చివరి నిమిషంలో ఇసిగోనిస్‌కి నమూనా బండి మరీ ఇరుకుగా ఉందనిపించింది. దాన్ని నిలువునా రెండుగా కోయించి, ఎక్కడ ఆగితే కంటికి బావుంటుందో చూసి, 4 అంగుళాలు వెడల్పు పెంచాడు. బంపర్లు అప్పటికే తయారైపోవడంతో వాటినీ మధ్యకి కోసి అతుకేశారు. 1970ల తొలినాళ్ళలో ఆపేసేదాకా 16 లక్షలకు పైగా మైనర్లు తయారయ్యాయి. నర్సులు, బడిపంతుళ్ళు, పోస్టాఫీసు వాళ్ళు నడిపిన మామూలు బండి అది. మన దగ్గర హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు దీన్నే 'బేబీ హిందుస్తాన్' పేరుతో అమ్మారు. తర్వాత వచ్చిన అంబాసిడర్ కూడా మోరిస్ ఇంటి పిల్లే.

కంపెనీ ఆపేశాక ఇలాంటి కారుకి రెండే దారులు: తుక్కు, లేదా మ్యూజియం. చార్లెస్ వేర్ మూడో దారి చూశాడు. ఆయన మెకానిక్ కాదు, బాత్‌లో ఇళ్ళ వ్యాపారం చేసినవాడు. 1970ల మధ్యలో బ్రిటన్ స్థిరాస్తి మార్కెట్ కుప్పకూలినప్పుడు ఆయన ఆస్తీ పోయింది. 1976లో మోరిస్ మైనర్ సెంటర్ పెట్టాడు. అక్కడ పాత మైనర్లని బాగుచేసి, రోజూ నడుపుకోండని అమ్మేవాళ్ళు.

ఆయన వాదన 1982లో పుస్తకంగా వచ్చింది. సారాంశం ఇది: కొత్త కారు కొన్నవాడు పెట్రోలుకీ రిపేరుకీ పెట్టేదే చూస్తాడు. కానీ అందరికంటే పెద్ద దొంగ తరుగుదల. షోరూం దాటిన రోజు నుంచీ విలువ కరిగిపోతూ ఉంటుంది, ఎవరూ బిల్లు ఇవ్వరు కాబట్టి కనపడదు. ఆ డబ్బులో కొంత ఏటా పాత బండి మీదే క్రమంగా పెడితే, విలువ నిలుస్తుంది, బండీ నిలుస్తుంది. కారుని ఇల్లులా చూడమన్నాడు. ఇంటికి ఏటా సున్నం వేస్తాం గానీ పదేళ్ళకోసారి కూల్చం కదా.

ఈ మాట ఏ కారుకైనా చెల్లుతుందా? నాకు ఆసక్తి కలిగింది ఇక్కడే. మైనర్ ముందు, వెనక మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి, విప్పి మార్చొచ్చు. 1952 తర్వాత అందులో వాడిన ఏ-సిరీస్ ఇంజన్ కుటుంబం మినీ కారులో 2000 దాకా బతికే ఉంది. అంటే మైనర్ చచ్చిపోయినా దాని గుండె కొత్తగా తయారవుతూనే ఉంది. మా భాషలో చెప్పాలంటే, డిపెండెన్సీలకి సపోర్ట్ ఉన్న పాత కోడ్ అది. అసలు శత్రువు తుప్పు. కింది రైళ్ళు, సిల్లులు తినేస్తే రంగు ఎంత మెరిసినా ఆ ఏటి తనిఖీలో బండి తప్పుతుంది. కాబట్టి వేర్ అమ్మింది అందం కన్నా ముందు కంటికి కనపడని వెల్డింగు.

1990ల్లో ఆయన బాడీ భాగాల కోసం శ్రీలంక దాకా వెళ్ళాడు. మైనర్లు ఇంకా నడుస్తున్న దేశం, రేకు కొట్టే పనివాళ్ళున్న దేశం. ఈ ఆలోచన ప్రపంచాన్ని మార్చలేదు, నిజమే. ఎయిర్‌బ్యాగుల్లేని, పొగ వదిలే బండి అందరికీ జవాబు కాదు. పిల్లల్ని కూర్చోబెట్టే ముందు నేనూ ఆలోచిస్తాను.

మరి హైదరాబాద్‌లో? మన చట్టం బండికి 15 ఏళ్ళు నిండగానే అనుమానంగా చూస్తుంది. ఫిట్‌నెస్ పరీక్ష, ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్. 2022 ఏప్రిల్‌లో కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటినవాటిని 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు, కానీ అలా నమోదైన బండిని రోజువారీగా నడపకూడదు. అంటే 15కీ 50కీ మధ్య ఉన్న బండి ముసలిదే గానీ గౌరవం లేదు. గౌరవం వచ్చేసరికి రోడ్డు లేదు.

ఈ లెక్కలు చూస్తుంటే నాన్న చేతక్ గుర్తొచ్చింది. నన్ను ముందు నిలబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన బండి. 2016లో ఇల్లు మారుతూ పాత ఇనుము కొట్టుకి ఇచ్చేశాను. ఇంజన్ బానే ఉంది. "ఎవరు చూస్తారు దాన్ని" అన్నది నేనే, నాన్న ఏమీ అనలేదు.

షీట్ మళ్ళీ రాశాను. వేర్ దగ్గర నేర్చుకున్నది ఒకటే: బండి అమ్మడం ఒక్క రోజు పని, దాన్ని నడుస్తూ ఉంచడమే వ్యాపారం. ముందు విడిభాగాలు, ఏడాది సర్వీసు, ఆ తర్వాతే అమ్మకం. చెప్తే స్నేహితుడు నవ్వాడు, "ఇది మెకానిక్ షెడ్డు కదరా". అవును, అదే.

సగం పెట్టలేదు. పావు పెట్టాను. మొదట బాగుచేసేది చేతక్ అయ్యుండాలన్నది నా ఒక్క షరతు.